యుద్ధం ముగిసిన ఊరికి నీరటి ఎవరు?



యుద్ధవార్తలు చదివేటప్పుడు మనం సాధారణంగా రెండు లెక్కలు చూస్తాము: ఎన్ని బాంబులు పడినవి, ఎందరు మరణించారు. మూడవ లెక్క ఒకటి ఉన్నది. అది పత్రికల మొదటి పుటకు ఎన్నడో గాని ఎక్కదు. బాంబు పడిన ఏడాదికో రెండేళ్ళకో ఆ ఊరి కుళాయిలోకి మురుగు చేరి, ఆ నీరు త్రాగిన పసిబిడ్డ వాంతులతో, విరేచనాలతో కన్నుమూస్తే ఆ మరణాన్ని ఏ పద్దులో వ్రాయాలి? రోగం పద్దులో వ్రాస్తున్నారు. యుద్ధం పద్దులో వ్రాయాలన్నది నా అభిప్రాయం. అలా వ్రాసిననాడే, యుద్ధానంతరం జరిగే పునర్నిర్మాణంలో నీటికి, పారిశుద్ధ్యానికి ఏ స్థానం ఇవ్వాలో, ఆ పనికి ఎటువంటి మనిషి పెద్దగా ఉండాలో మనకు తెలిసివస్తుంది.

యెమెన్ దేశాన్ని చూడండి. 2014లో అక్కడ అంతర్యుద్ధం చెలరేగినది. 2015లో పొరుగుదేశాల విమానదాడులు తోడైనవి. 2016 అక్టోబరులో కలరా మొదలైనది. 2021 నాటికి అనుమానిత కేసులు 25 లక్షలు దాటినవి. మరణాలు 4 వేలకు చేరువైనవి. కలరా మందు లేని రోగం కాదు. ఉప్పు, పంచదార తగుపాళ్ళలో కలిపిన శుభ్రమైన నీటితో చాలామంది ప్రాణం నిలబెట్టవచ్చు. ఆ శుభ్రమైన నీరే అక్కడ కరవైనది.

ఎలా కరవైనదో తెలుసుకోవడం అవసరం. నీటి పంపుకు విద్యుత్తు కావాలి. విద్యుత్తు పోతే డీజిలు కావాలి. ఓడరేవుకు దారి మూసుకుపోతే డీజిలు రాదు. పంపు ఆగితే భూమిలోని గొట్టంలో ఒత్తిడి పోతుంది. ఒత్తిడి ఉన్నంతవరకు గొట్టానికి చిల్లు పడినా నీరు బయటికే చిమ్ముతుంది. ఒత్తిడి పోయినప్పుడు చుట్టూ ఉన్న మురుగు అదే చిల్లుగుండా లోపలికి వస్తుంది. మరునాడు రెండు గంటలసేపు పంపు వేస్తే ముందుగా బిందెలో పడేది ఆ మురుగే. దీనికి తోడు పారిశుద్ధ్య కార్మికులకు నెలల తరబడి జీతాలు లేవు. 2017లో సనా నగరపు వీధులలో చెత్త గుట్టలు పడినది; వాన వచ్చి దానిని బావుల దాకా మోసుకుపోయినది. ఈ కథలో ఎవరూ బావిలో విషం కలపలేదు. ఒక జీతం ఆగినది, ఒక పంపు ఆగినది, ఒక ఓడ ఆగినది. అంతే.

1991లో ఇరాకులో జరిగినదీ ఇటువంటిదే. విద్యుత్ కేంద్రాల మీద బాంబులు వేశారు. నీటిశుద్ధి కేంద్రాలు, మురుగు పంపులు వాటంతట అవే ఆగిపోయినవి. తరువాత వచ్చిన ఆంక్షలలో క్లోరిను దిగుమతికి కూడా అడ్డంకులు ఏర్పడినవి, ఆయుధంగా వాడుకోవచ్చునన్న అనుమానం చేత. ఆ అనుమానం నిరాధారమని అనలేము. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద యుద్ధభూమిలో మనుషుల ఊపిరి తీసినది క్లోరినే. మన పంచాయతీ బావులలో వానకాలం చల్లే బ్లీచింగ్ పౌడరులో సూక్ష్మజీవులను చంపేదీ ఆ క్లోరినే. పదార్థం ఒకటే, పట్టుకున్న చేయి వేరు. ఇక 2023 జూన్ 6న ఉక్రెయిన్‌లో కఖోవ్కా ఆనకట్ట తెగిపోయి దిగువ ఊళ్ళు మునిగినవి, ఎగువ ఊళ్ళ త్రాగునీరు ఎండినది. 2024లో గాజాలో మురుగునీటి నమూనాలలో పోలియో వైరస్ కనబడినది. పాతికేళ్ళ తరువాత అక్కడ ఒక పసిబిడ్డ పోలియోతో కాలు చచ్చుబడిపోయినది.

ధర్మశాస్త్రాలు ఏమంటున్నవి అని ఎవరైనా అడుగవచ్చు. ఈ విషయంలో మన పూర్వులను ఊరికే పొగడబోను. మనుస్మృతి ఏడవ అధ్యాయంలో రాజధర్మాలు చెబుతూ, ముట్టడి వేసిన రాజు శత్రువు గడ్డిని, అన్నాన్ని, నీటిని, కట్టెలను చెడగొట్టవలెనని, చెరువులను పగులగొట్టవలెనని విధించారు. చెరువు త్రవ్వించడాన్ని సప్తసంతానాలలో ఒకటిగా, కన్నకొడుకుతో సమానంగా ఎంచిన సంప్రదాయమే శత్రువు చెరువు తెగగొట్టడానికి అనుమతి ఇచ్చినది. తనదైతే సంతానం, పరాయిదైతే లక్ష్యం. ఈ ద్వంద్వం మనకు మాత్రమే ప్రత్యేకం కాదు, లోకమంతటా ఉన్నది. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అనుబంధపత్రం 54వ అధికరణంలో గాని, పౌరుల త్రాగునీటి నిర్మాణాలను ధ్వంసం చేయరాదన్న మాట స్పష్టంగా వ్రాతకు ఎక్కలేదు. 2010 జులై 28న ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ నీటిని, పారిశుద్ధ్యాన్ని మానవహక్కుగా ప్రకటించినది. కాగితం మీద మానవజాతి ఎదిగినది. పైన చెప్పిన ఉదాహరణలన్నీ ఆ 1977 తరువాతివే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సరే, చెడగొట్టినవారి మాట అలా ఉంచుదాము. నా అసలు ప్రశ్న, కాల్పులు ఆగిన తరువాత నీటిని మళ్ళీ నిలబెట్టే పనికి పెద్దదిక్కు ఎవరన్నది.

అంతర్జాతీయ సహాయసంస్థలు ఇందుకు కొలతలు ఏర్పరచుకున్నవి. స్ఫియర్ ప్రమాణాలని వాటికి పేరు. ఆపత్కాలంలో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు; 250 మందికి ఒక కుళాయి; ఇంటినుండి నీటిచోటు 500 మీటర్లకు మించరాదు; 20 మందికి ఒక మరుగుదొడ్డి. మన దేశంలో 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ మామూలు కాలంలో తలకు 55 లీటర్లు లక్ష్యంగా పెట్టుకున్నది. ఈ అంకెలు మంచివి. అంకెలు లేకపోతే ఆపద్ధర్మం పేరుతో అర్ధబిందె పోసి అయిందనిపించుకుంటారు. కాని అంకె కట్టిన రోజును కొలుస్తుంది. నిలిచిన రోజులను కొలవదు. ప్రారంభోత్సవం నాడు 15 లీటర్లు వచ్చిన కుళాయి మూడవ నెలలో ఏమైనదో ఏ నివేదికలో ఉంటుంది?

చరిత్రలో ఈ పనికి మొదటి గొప్ప ఉదాహరణ క్రిమియా యుద్ధకాలంలో కనబడుతుంది. 1855 ఫిబ్రవరిలో స్కుటారి సైనిక వైద్యశాలలో చేరినవారిలో నూటికి 40 మందికి పైగా మరణిస్తూ ఉండేవారు. వారిలో ఎక్కువమందిని చంపినది తుపాకి గుండు కాదు, విరేచనాలు, విషజ్వరాలు. ఆ భవనం క్రింద మురుగుకాలువలు పూడిపోయి ఉన్నవి. మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం కాలువలు కడిగించి, చెత్త ఎత్తించి, నీటిదారిని బాగుచేయించినది. కొద్ది నెలలలో ఆ మరణాలు నూటికి 2కు దిగినవి. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు వినగానే మనకు చేతిలో దీపం గుర్తుకు వస్తుంది. ఆమె తన జీవితంలో ఎక్కువ కాలం పట్టుకొని వదలనిది మురుగుకాలువల లెక్కలను. ఆమె మన దేశపు నీటి సంగతి కూడా పట్టించుకున్నది. సాగునీటి కాలువల కోసం వాదించిన ఆర్థర్ కాటన్ దొరకు బాసటగా నిలిచినది. ఆ కాటన్ కూడా మొదట మొదటి బర్మా యుద్ధంలో పనిచేసిన సైనిక ఇంజనీరే. యుద్ధం చూసివచ్చిన ఆ చేయి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను పూర్తిచేసినది.

అయితే స్కుటారి, ధవళేశ్వరం రెండూ రాజాజ్ఞ నడిచిన చోట్లు. రాజే తగవులో ఒక పక్షమైనప్పుడు ఏమి చేయాలి? ఎవరి ఆజ్ఞ చెల్లుతుందో తెలియని నేల మీద నీరు ఎవరు నిలబెట్టాలి? కష్టమంతా అక్కడే ఉన్నది.

మన దేశం అఫ్ఘానిస్తాన్‌లో చేసిన పని ఇందుకు తార్కాణం. హెరాత్ ప్రాంతంలో హరీరూద్ నది మీద సల్మా ఆనకట్ట పని 1970లలో మొదలై యుద్ధాల వలన ఆగిపోయినది. దానిని మన ప్రభుత్వరంగ సంస్థ వాప్కోస్ చేపట్టి ముగించినది. 2016 జూన్ 4న ప్రారంభమైన ఆ ఆనకట్టకు 42 మెగావాట్ల విద్యుత్తు, సుమారు 75,000 హెక్టార్ల సాగు లక్ష్యాలు. ఆ దేశపు పునర్నిర్మాణంలో మన తెలుగువారి నెత్తురు కూడా కలిసినది. 2006 ఏప్రిల్‌లో, టెలిఫోను పనుల కోసం అక్కడికి వెళ్ళిన హైదరాబాదు ఇంజనీరు ఒకరిని అపహరించి చంపారు. 2021 ఫిబ్రవరిలో కాబూల్ నగరానికి త్రాగునీరు ఇచ్చే షాతూత్ ఆనకట్టకు ఒప్పందం కుదిరినది. ఆ ఆగస్టులోనే కాబూల్‌లో ప్రభుత్వం కూలిపోయి, పని ఆగిపోయినది. ప్రభుత్వాలతో మాత్రమే కుదుర్చుకున్న నీటిపని ప్రభుత్వంతో పాటే ఊగిసలాడుతుంది. జనంతో కుదిరిన పనికి ఆ భయం కొంత తక్కువ.

జనంతో కుదిరిన పని ఎటువంటిదో తెలుసుకోవడానికి మన పాత మాట ఒకదానిని గుర్తుచేస్తాను. "నీరటి" అన్న మాట ఈనాటి పిల్లలకు తెలియదు. చెరువు తూము తీసి మూసేవాడు, ఏ మడికి ఎంతసేపు నీరు పారాలో చూసేవాడు, గట్టు మీద గండి పడకముందే పసిగట్టి కేక వేసేవాడు నీరటి. రాయలసీమలో నీరుగంటి అంటారు. కళ్ళంలో గింజలు రాలినప్పుడు అతని మేర అతనికి కొలిచి ఇచ్చేవారు. చెరువు మరమ్మతు బాధ్యత తీసుకున్నవారికి దశబంధం ఇనాములు ఉండేవి. అంటే కట్టినవాడి పేరు శాసనంలో ఉంటే, నిలిపినవాడి కూడు పంటలో ఉండేది. చెరువు కట్టడం ఒక రాజు చేయగల పని. చెరువును నిలపడం ఒక ఏర్పాటు చేయవలసిన పని.

కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనాన్ని పండితులు ఎరుగుదురు. 1369లో, విజయనగర బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలడానికి నూరు బండ్లు, రెండేళ్ళ కాలం పట్టినవని ఆ శాసనం చెబుతున్నది. మంచి చెరువుకు కావలసిన 12 సాధనాలను, తప్పించవలసిన 6 దోషాలను కూడా అది పేర్కొన్నది. ధర్మాత్ముడైన రాజు, జలశాస్త్రం తెలిసిన విద్వాంసుడు, తీయని నీటి నది, నేర్పరులైన పనివారు, ఇవి సాధనాలలో కొన్ని. దోషాలలో గట్టు చెమ్మగిల్లడం, చవుడు నేల వంటివి ఇంజనీర్లు చెప్పేవే. వాటి మధ్య ఒక దోషం ఉన్నది, చదివిన ప్రతిసారీ నన్ను ఆపుతుంది. చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండరాదట.

మట్టికి, నీటికి సంబంధించిన దోషాల నడుమ రాజకీయ దోషాన్ని కూర్చిన ఆ శాసనకర్త దూరదృష్టికి నమస్కరించాలి. సరిహద్దు చెరువుకు ఇద్దరు యజమానులు ఉంటారు, నీరటి ఒక్కడూ ఉండడు.

ఆ దోషానికి ఉదాహరణ వెదకడానికి మా నర్సీపట్నం నుండి ఎక్కువ దూరం పోనక్కరలేదు. లంబసింగి ఘాటు ఎక్కి, చింతపల్లి, గూడెం కొత్తవీధి దాటి సీలేరు చేరితే, ఆవల బలిమెల జలాశయం. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల ఉమ్మడి పథకం అది. రెండు రాష్ట్రాలు నీటిని పంచుకున్నవి, విద్యుత్తు తీసుకున్నవి. జలాశయం నిండగా మల్కనగిరి జిల్లాలో 151 ఊళ్ళు మూడువైపులా నీటితో, నాలుగవవైపు కొండలతో లోకానికి దూరమైనవి. "కట్ ఆఫ్ ఏరియా" అని ఆ నేలకు పేరే పడిపోయినది. చుట్టూ లక్షల కోట్ల లీటర్ల నీరు. ఊళ్ళో త్రాగడానికి చెలమ. ఆస్పత్రికి పోవాలంటే లాంచీ.

అటువంటి చోట ప్రభుత్వం లేదు గనుక తుపాకి వచ్చి కూర్చున్నది. ఆ ప్రాంతం దశాబ్దాల పాటు మావోయిస్టుల స్థావరమైనది. 2008 జూన్ 29న ఆ జలాశయంలోనే పడవ మీద వస్తున్న మన గ్రేహౌండ్స్ దళంపై కొండల మీదనుండి దాడి జరిగి 30 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఏ నీరు ఆ ఊళ్ళను ఒంటరి చేసినదో ఆ నీటిలోనే ఆ జవానుల శవాలు తేలినవి. ఇది పరాయి దేశపు యుద్ధం కాదు. మా ఊరి బస్సు పోయే దారి చివర జరిగిన యుద్ధం.

అక్కడ ఒక తెలుగువాని కథ కూడా ఉన్నది. మల్కనగిరి కలెక్టరుగా పనిచేసిన ఆర్. వినీల్ కృష్ణ 2011 ఫిబ్రవరి 16న, పనులు చూడడానికి, జనం మాట వినడానికి, అంగరక్షకులు లేకుండా ఆ నీటిచెర ఊళ్ళలోకి వెళ్ళారు. ఆయనను, వెంట ఉన్న జూనియర్ ఇంజనీరును మావోయిస్టులు పట్టుకుపోయారు. ఆచార్య జి. హరగోపాల్, ఆర్. సోమేశ్వరరావు, దండపాణి మహంతి మధ్యవర్తులుగా చర్చలు జరిగినవి. ఫిబ్రవరి 24న ఆయన క్షేమంగా బయటికి వచ్చారు. ఆ ఎనిమిది రోజులలో జరిగిన మరొక సంగతి నాకు ముఖ్యంగా తోస్తుంది. మా కలెక్టరును విడిచిపెట్టండి అంటూ గిరిజనులు ఊరేగింపులు తీశారు. ఏ ప్రభుత్వ ప్రచారశాఖా అటువంటి నమ్మకాన్ని తయారుచేయలేదు. ఊరి దాకా నడిచివచ్చిన మనిషిని ఊరు గుర్తుపెట్టుకుంటుంది.

అంతకు చాలా ముందు, 1987 డిసెంబరులో, తూర్పుగోదావరి ఏజెన్సీలోని గుర్తేడు వద్ద ఎస్.ఆర్. శంకరన్ సహా పలువురు ఐ.ఏ.ఎస్. అధికారులను నక్సలైట్లు అపహరించారు. బయటికి వచ్చిన తరువాత ఆ శంకరన్ గారు పగ పెంచుకోలేదు. 1997 నుండి పౌర స్పందన వేదికను నడిపి, రెండు పక్షాలనూ ప్రశ్నించి, 2004లో చర్చల బల్ల దగ్గరకు తీసుకురావడానికి కారకులైనారు. యుద్ధభూమిలో పునర్నిర్మాణానికి పెద్దగా ఉండదగిన మనిషి లక్షణం ఇదే అనుకుంటాను. తనకు జరిగినదానిని ప్రక్కన పెట్టి, ఊరికి జరగవలసినదానిని చూడగలగాలి.

ఎటువంటి పెద్దరికం పనికిరాదో కూడా మా ప్రాంతపు చరిత్రే చెబుతున్నది. మేము నేడు ఎక్కే ఘాటు రోడ్డు పని, శతాబ్దం క్రితం గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పెత్తనంలో జరిగినది. నర్సీపట్నం నుండి చింతపల్లికి రోడ్డు. అది అభివృద్ధి కాదని ఎవరనగలరు? కాని కొండవాళ్ళను బలవంతంగా పనికి తోలి, చాలీచాలని కూలి విదిలించి, ఎదురుచెబితే కొరడా చూపించారు. అడవి చట్టాల బాధకు ఈ రోడ్డు బాధ తోడైనది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద అల్లూరి సీతారామరాజు దాడి చేసేనాటికి ఆ గాయం పచ్చిగా ఉన్నది. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు. సమాధి మాకు దగ్గరలోని కృష్ణదేవిపేటలో ఉన్నది. రోడ్డు వేసినవాడు తాను మేలు చేస్తున్నాననే అనుకొని ఉంటాడు. ఎవరి కోసం వేస్తున్నాడో వారిని అడగలేదు, కూలి ఇవ్వలేదు. నిర్మాణం యుద్ధాన్ని ముగిస్తుందని అందరూ అంటారు. నిర్మాణం చేసే తీరు యుద్ధాన్ని మొదలుపెట్టగలదని మా రోడ్డు సాక్ష్యం చెబుతున్నది.

ఇక నీటి విషయానికి వస్తే, మా ఏజెన్సీ కొండలకు ప్రకృతి ఒక వరమిచ్చినది. కొండ మీద ఊటలు, వాటినుండి గెడ్డలు. నీరు పల్లమెరుగును అన్న సామెత ఇక్కడ ఇంజనీరింగు సూత్రం. ఊట దగ్గర చిన్న తొట్టి కట్టి, ఇసుక, గులకరాళ్ళ వడపోత పెట్టి, గొట్టం వేసి, ఊరి పైభాగాన ట్యాంకులో నింపి, కుళాయిలకు వదిలితే చాలు. కరెంటు అక్కరలేదు, డీజిలు అక్కరలేదు, మోటారు కాలిపోదు. నర్సీపట్నం కేంద్రంగా పనిచేసే విశాఖ జిల్లా నవ నిర్మాణ సమితి వంటి స్వచ్ఛందసంస్థలు, ప్రభుత్వ విభాగాలు ఈ పద్ధతిలో ఎన్నో కొండ ఊళ్ళకు నీరు దింపినవి. యెమెన్ కథలో ఆగిపోయిన గొలుసును ఒకసారి తలచుకోండి: ఓడ, డీజిలు, పంపు, ఒత్తిడి. ఊటనీటి పథకంలో ఆ గొలుసు లంకెలు చాలా తక్కువ. తుపాకి తగలడానికి చోటు తక్కువ. యుద్ధం జరిగే నేలకు ఇంతకంటె తగిన పద్ధతి ఉంటుందా?

అయినా లంకె ఒకటి మిగులుతుంది. వడపోత ఇసుక ఎవరు కడుగుతారు? కొండచరియ జారి గొట్టం విరిగితే ఎవరు అతుకుతారు? ఊట పైన చెట్లు కొట్టకుండా ఎవరు కాపలా కాస్తారు? ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వానకాలపు హాజరుపట్టీలో ఏజెన్సీ పిల్లల పేర్లకెదురుగా వరుసగా "రాలేదు" అని వ్రాసినవాణ్ణి. జ్వరాలు, విరేచనాలు. ఒక తండ్రి తన కొడుకును తిరిగి వసతిగృహంలో దింపడానికి వచ్చి అన్న మాట నేటికీ నా చెవిలో ఉన్నది: "టేంకీ కట్టీసినారు మాస్టారూ. మోటారు కాలిపోతే ఎవుల్ని అడగాలో సెప్పనేదు." పునర్నిర్మాణశాస్త్రం మీద వచ్చిన పెద్ద పెద్ద నివేదికలన్నీ ఈ రెండు వాక్యాలకు వ్యాఖ్యానాలే అనిపిస్తుంది. ఆ మనిషి అడిగినది డబ్బు కాదు, యంత్రం కాదు. నీరటి ఎవరని అడిగాడు.

మరుగుదొడ్డి సంగతి నీటికి తోకగా చెప్పడం మనకు అలవాటు. ఆ వరుస మార్చుకోవాలి. 2014 అక్టోబరు 2 తరువాత దేశమంతటా మరుగుదొడ్లు కట్టారు. నీరు రాని ఊళ్ళలో వాటిలో కట్టెలు పేర్చుకున్నారు. మనిషి పోయేటప్పుడు చెంబెడు నీరు కూడా దొరకని చోట గోడలు కట్టి లాభమేమి? శరణార్థి శిబిరాలలో ఇంకొక కష్టం ఉన్నది. చీకటి పడిన తరువాత మరుగుదొడ్డికి పోవడానికి భయపడి ఆడవారు సాయంత్రం నుండి మంచినీళ్ళు త్రాగడం మానుకుంటారు. లోపలినుండి గడియ, దారిలో ఒక దీపం, మగవారి వరుసకు దూరంగా చోటు, ఈ మూడూ లేకపోతే 20 మందికి ఒకటి అన్న లెక్క సరిపోయినా పని సరిపోదు. ఈ సంగతి చెప్పగలిగినది ఆ బిందె మోసే ఆడవారే. కనుక నీటిసంఘంలో వారి మాట మొదటి మాట కావాలి. సంతకం కోసం చివర పిలిచే పేరు కారాదు.

నా మాటకు ఎదురు చెప్పేవారు ఉంటారు. వారి వాదంలో బలమూ ఉన్నది. "జనం దాహంతో చస్తూ ఉంటే సంఘాలు, సమావేశాలు ఏమిటి? ముందు ట్యాంకరు పంపాలి, ఒకడు ఆజ్ఞ ఇవ్వాలి, పదిమంది పరుగెత్తాలి." నిజమే. దప్పిక వేసినప్పుడు బావి త్రవ్వమని ఎవరూ అనరు. మొదటి నెల ట్యాంకరుదే, బ్లీచింగ్ పౌడరుదే, ఆజ్ఞ ఇచ్చేవాడిదే. కాని ట్యాంకరు రెండవ ఏడు కూడా వస్తూనే ఉంటే అది సహాయం కాదు, వ్యాపారం. ట్యాంకరు వాడికి కుళాయి శత్రువవుతుంది. ఆపద్ధర్మానికి ముగింపు తేదీ మొదటిరోజే వ్రాసి పెట్టుకోవాలి.

రెండవ ఎదురుమాట ఇంకా సూక్ష్మమైనది. "నీరు ఇస్తే జనం మనవైపు తిరుగుతారు, తిరుగుబాటు చల్లారుతుంది. కనుక నీటిపనిని భద్రతావ్యూహంలో భాగంగా చేయాలి." వినడానికి బాగానే ఉంటుంది. కాని నీటిగొట్టం మీద ఒక పక్షపు జెండా కట్టిన మరుక్షణం ఆ గొట్టం రెండవ పక్షానికి లక్ష్యమవుతుంది. మరమ్మతుకు వచ్చిన మేస్త్రీ గూఢచారి అవుతాడు. పైగా జనం కూడా గ్రహిస్తారు: తుపాకి ఉన్నంతవరకే తమకు నీరు, తుపాకి పోతే తమను అడిగేవారు లేరని. చేపకు ఎర వేసినట్లు మనిషికి నీరు వేయరాదు. నీరు ఇవ్వవలసినది అది వారి హక్కు గనుక. ఆ తరువాత వారు ఎవరివైపు తిరుగుతారన్నది వారి ఇష్టం.

ఈ మాటలు ఇప్పుడే వ్రాయడానికి కారణం ఉన్నది. 2018 జులైలో గురుప్రియ వంతెన తెరవడంతో ఆ నీటిచెర ఊళ్ళకు దారి ఏర్పడినది. స్వాభిమాన్ అంచల్ అని క్రొత్త పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4న మా ఏజెన్సీ అల్లూరి సీతారామరాజు పేరుతో వేరు జిల్లా అయినది. మేము అనకాపల్లి జిల్లాలో ఉండిపోయాము. 2025 నవంబరు 18న మారేడుమిల్లి అడవులలో, పోలీసులు ఎదురుకాల్పులని ప్రకటించిన ఘటనలో మావోయిస్టు నాయకుడు మాడ్వి హిడ్మా మరణించాడు. దశాబ్దాల తుపాకుల చప్పుడు ఈ కొండలలో సన్నగిల్లుతున్నది. యుద్ధం సన్నగిల్లిన నేల మీద ఏమి మొలుస్తుందన్నది ఈ నాలుగైదేళ్ళలో తేలిపోతుంది. తుపాకి భయంతోనైనా ఇన్నాళ్ళూ కొండల వంక చూసిన దొరలు, ఆ భయం తీరిన తరువాత చూడడం మానేస్తే, శాంతికి అంతకంటె అవమానం లేదు.

కనుక నేను కోరేది పెద్ద పథకమేమీ కాదు. ఏ కొండ ఊరికి నీటిపథకం మంజూరైనా, శంకుస్థాపన ఫలకం చెక్కేలోపల ఆ ఊరినుండి ఇద్దరిని, వారిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి, నీరటులుగా ఊరివారే ఎన్నుకోవాలి. కట్టేటప్పుడు వారికి పూర్తి కూలి ఇస్తూ పని నేర్పాలి. కట్టిన తరువాత నెలనెలా జీతం, ఒక పెట్టెడు పనిముట్లు, మార్చవలసిన విడిభాగాలు ఇవ్వాలి. వారి జీతం ఖర్చు అంచనాలో మొదటి పద్దుగా ఉండాలి. మిగిలితే ఇచ్చేదిగా ఉండరాదు. ఏడాది తరువాత వచ్చే తనిఖీ అధికారి "ఎన్ని కుళాయిలు కట్టారు" అని అడగడం మాని "ఈ ఉదయం ఎన్ని కుళాయిలలో నీరు వచ్చినది" అని అడగాలి. సనాకైనా, గాజాకైనా, గూడెం కొత్తవీధికైనా ఈ ఏర్పాటు ఒకటే. దేశాలు మారితే గొట్టం కొలత మారుతుందేమో గాని, దాహం కొలత మారదు.

ఫలకం మీద ఎవరి పేరైనా చెక్కుకోనివ్వండి, అభ్యంతరం లేదు. ఆ ఫలకం క్రింద ఒక్క పంక్తి కలిపితే చాలు: మోటారు కాలితే, గొట్టం విరిగితే పిలవవలసిన నీరటి పేరు, ఇల్లు. పెద్ద అక్షరాలలో, ఆ ఊరివారు చదువుకునే భాషలో.

ఏజెన్సీలో పనిచేసిన, లేదా యుద్ధం చూసిన దేశాలలో ఉద్యోగం చేసివచ్చిన మిత్రులు మనలో ఉంటే, మీరు చూసిన నీరటుల సంగతులు వ్రాయవలసిందిగా కోరుతున్నాను. కట్టినవారి కథలు చాలా ఉన్నవి. నిలిపినవారి కథలు వ్రాయవలసి ఉన్నది.